బర్కందాజు అందాజు

మా భాంజా ఎన్.సి.సి. క్యాంపుకి వెళ్ళి .22 రైఫిల్‌తో ఐదు గుళ్ళు కాల్చి వచ్చాడు. అప్పటినుంచి వాడి ఫోన్ నిండా పిస్తోళ్ళే. పరిగెడుతూ, వంగుతూ, గోడల చాటునుంచి అట్టబొమ్మల్ని కాల్చే పోటీలు చూస్తుంటాడు. ఒకరోజు భోజనాల దగ్గర అడిగాడు: "మామూ, వాళ్ళు తూటాలు ఇంట్లోనే నింపుకుంటారంట. నిజమేనా? మన దగ్గర ఎవరైనా అలా చేసేవారా?"

నేను నోరు తెరిచేలోపే మా చెల్లెలు కసిరింది. "తుపాకి మాట ఎత్తకురా. మన పేర్లున్నవాళ్ళు ఆ మాట మెల్లగా కూడా అనకూడదు."

వాడు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. ఆమె భయం నాకు తెలియనిది కాదు. కానీ వాడి సవాలు కూడా వట్టిగా పోవలసింది కాదు. ఎందుకంటే మన ఉత్తరాంధ్ర తవారీఖ్‌లో అతి పెద్ద జంగ్ తేలింది దాదాపు ఆ సవాలు దగ్గరే: తూటా ఎవరు నింపారు, ఎంత తూకంగా నింపారు, ఎంత తొందరగా నింపారు. ఆ జంగ్ బొబ్బిలి. నాగావళి ఒడ్డున పుట్టినవాళ్ళకి దాని కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కథలో మన వాటా మాత్రం చెప్పుకోవాలి.

ముందు పేరు సంగతి. శ్రీకాకుళం జామియా మస్జిద్ కట్టించిన షేర్ ముహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో గోలకొండ కుతుబ్ షాహీల తరఫున ఇక్కడ ఫౌజ్‌దారు. ఆయన వెంట ఈ ప్రాంతానికి వచ్చిన సర్దార్లలో ఇద్దరి వంశాలు తరవాత పెద్దవయ్యాయి. ఒకటి వెలమల బొబ్బిలి, రెండోది పూసపాటి వారి విజయనగరం. వెలమ నాయకుడు పెద్దరాయుడు తనకి జాగీరు ఇప్పించిన ఖాన్ సాబ్ మీద గౌరవంతో కొత్త ఖిలాకి ఆయన పేరే పెట్టుకున్నాడని చెబుతారు. 'షేర్' అంటే పులి, పెద్దపులి అంటే బెబ్బులి, బెబ్బులే బొబ్బిలి. ఒక ముసల్మాన్ ఫౌజ్‌దారు పేరుని తెలుగులోకి తర్జుమా చేసి ఊరికి పెట్టారన్నమాట. బొబ్బిలి పులి అని మనం రోజూ అనే మాటలో పులి రెండుసార్లు ఉంది, మొదటి పులి మనవాడు.

అదే బొబ్బిలి కథ పాటలో మనకి దక్కిన వేషం వేరు. అందులో ముసల్మాన్ అంటే హైదరుజంగు. బుస్సీ దొర దివాను, లంచగొండి, కోట కూలడానికి కారకుడు. ఇంకో తమాషా ఏమిటంటే, పాటలో బుస్సీ దొర 'మూసాబూసీ' అయ్యాడు. ఫ్రెంచి వాళ్ళ 'మొస్యూ' అన్న మర్యాద మాట మన జంగం కథకుల నోట్లో 'మూసా' అయింది. చిన్నప్పుడు నేను నిజంగానే ఆయన్ని మూసా అనే సాయిబు అనుకున్నాను. మా నానీమా కూడా అలాగే అనుకునేది, అనుకుని సిగ్గుపడేది. చేయని గుణాః కి సిగ్గుపడటం మనకి కొత్త కాదు లెండి. హైదరుజంగు మాత్రం అసలు మనిషే. పేరు అబ్దుల్ రహమాన్, పాండిచ్చేరిలో ఫ్రెంచి నేర్చుకుని బుస్సీకి కుడిభుజం అయినవాడు. ఆయన పాక్-సాఫ్ అని నేను వాదించను. కానీ బొబ్బిలిని కూల్చింది ఒక దివాను జేబు ఒక్కటే కాదు.

ఇక్కడ కాస్త లుగత్ తిరగేద్దాం. భాంజా సవాలుకి జవాబు అక్కడే మొదలవుతుంది.

తుపాకి అన్న మాట తుర్కీ 'తుఫెక్' నుంచి వచ్చింది. ఫార్సీలో అదే తుఫంగ్. తోపు తుర్కీ, ఫిరంగి ఫార్సీ. తూటా, గోలీ, బారూదు, బందూకు, సిపాయి, జమాదారు... వీటిలో ఏది తీసినా మన ఇంటి వాసనే. అయితే తెలుగు వాళ్ళు ఒక్క చోట సొంత మాట నిలబెట్టుకున్నారు. బారూదుని వాళ్ళు 'మందు' అన్నారు. మందు, గుండు కలిపి మందుగుండు. తెలుగులో మందు అంటే జబ్బుకి వేసుకునేదీ, తుపాకిలో పోసేదీ, గ్లాసులో పోసేదీ కూడా. ఇప్పుడు ఉర్దూ 'దారూ' చూడండి. దవా-దారూ అంటే వైద్యం, దారూ-గోలా అంటే మందుగుండు, ఇక ఉత్త దారూ అంటే ఏమిటో హరామ్ అని తెలిసినవాళ్ళందరికీ తెలుసు. రెండు జబాన్లూ మూడు అర్థాల్నీ ఒకే మాటలో కట్టేశాయి. మూడింటికీ ఒకే నియమం ఉంది కాబట్టి కావచ్చు, మోతాదు తప్పితే మనిషి పోతాడు.

ఆ మోతాదు మనవాళ్ళు ఎలా కొలిచేవారు? తుపాకి పట్టిన సిపాయిని మొగలాయీ కాలం నుంచి 'బర్కందాజ్' అన్నారు. బర్క్ అంటే మెరుపు, అందాజ్ అంటే విసిరేవాడు. ఫిరంగి కాల్చేవాడు గోలందాజ్. ఎంత అందమైన పేరు, మెరుపుని విసిరేవాడు! కానీ తెలుగులో అందాజు అంటే ఏమిటి? ఉజ్జాయింపు, ఉరమర. మన బర్కందాజు తుపాకి నింపింది సరిగ్గా అలాగే, అందాజుగా.

అతని చేతిలో ఉన్నది తోడేదార్ బందూక్, అంటే వత్తి తుపాకి. నడుముకి కొమ్ములో మందు, సంచిలో సీసం గుళ్ళు, చేతికి చుట్టుకున్న వత్తి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. కొమ్ము వంచి కన్నుతో చూసుకుని గొట్టంలో మందు పోయాలి. గుండు వేసి గజంతో దట్టించాలి. ఉర్దూలో బట్ట కొలిచేదీ గజమే, తుపాకి దట్టించే కడ్డీ కూడా గజమే. తరవాత పక్కనున్న చిన్న పళ్ళెంలో మెత్తని మందు చిలకరించి, వత్తి ఊది, గురి చూసి నొక్కాలి. ఈ వ్యవహారం అంతా అయ్యేలోపు ఎదుటివాడు ఎక్కడున్నాడో! వాన పడితే వత్తి ఆరిపోతుంది. పక్కవాడి వత్తి నిప్పు రవ్వ మన మందు కొమ్ముమీద పడితే ఇక కథ ముగిసినట్టే, అందుకే దగ్గర దగ్గరగా నిలబడటానికి లేదు. పైగా జమీందారు దగ్గరున్న వంద తుపాకులకి వంద రకాల గొట్టాలు. ఒకడి గుండు ఇంకొకడి బందూకులో పట్టదు. ఎవడి సీసం వాడు కరిగించుకోవాలి, ఎవడి అందాజు వాడిదే. ఒక్కొక్కడు నిషానాలో ఉస్తాదు అయి ఉండవచ్చు. కానీ వందమంది కలిస్తే ఒక దెబ్బ కాదు, వంద విడి దెబ్బలు.

ఫ్రెంచి వాడి దగ్గరున్నది చెకుముకి తుపాకి. రాయి ఉక్కుకి తగిలి నిప్పు పుడుతుంది, వత్తి పనిలేదు. అంతకన్నా అసలు సంగతి కాగితపు తూటా. తూచిన మందు, ఒక సీసం గుండు, రెండూ కలిపి కాగితంలో చుట్టి జంగ్‌కి ముందే తయారు చేసుకునేవారు. సిపాయి దాన్ని పళ్ళతో కొరికి, కొంత మందు పళ్ళెంలో, మిగతాది గొట్టంలో పోసి, గుండునీ కాగితాన్నీ దట్టించి కాల్చేవాడు. నిమిషానికి రెండు, తర్ఫీదు ఉంటే మూడు దెబ్బలు. ప్రతి తూటాలో మందు ఒక్కటే, ప్రతి గొట్టం వెడల్పు ఒక్కటే. ఈ పళ్ళతో కొరకడమే వందేళ్ళ తరవాత 1857లో కొవ్వు పూసిన తూటాల రూపంలో హిందూస్తాన్‌ని కుదిపేసింది. ఆ కథ అందరికీ తెలుసు. అంతకుముందు అదే కాగితపు పొట్లం రాజ్యాలు ఎలా మార్చిందో తక్కువమందికి తెలుసు.

మన జిల్లాతో సంబంధం ఉన్న మనిషితోనే మొదలెడదాం. అన్వరుద్దీన్ ఖాన్. ఆర్కాటు నవాబు కాకముందు నిజాం తరఫున చికాకోల్, రాజమండ్రి సర్కార్లని ఏలినవాడు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 'సిక్కా ఖోల్', వసూలైన సిక్కాల సంచులు విప్పే చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని మన పెద్దవాళ్ళు చెప్పే కథ మీరూ వినే ఉంటారు. కథ తీపిగానే ఉంది, నమ్మమని మాత్రం అనను. ఈ అన్వరుద్దీన్ పెద్ద కొడుకు మహ్‌ఫూజ్ ఖాన్ 1746 అక్టోబరులో దాదాపు 10,000 ఫౌజుతో మద్రాసు దగ్గర అడయారు ఒడ్డున నిలబడ్డాడు. ఎదుట ఫ్రెంచి వాళ్ళూ వాళ్ళ సిపాయిలూ కలిపి వెయ్యిమందికి అటూ ఇటూ. వాళ్ళు ఏరు దాటి, వరస కట్టి, ఒక్కసారిగా కాల్చారు. మళ్ళీ నింపారు, మళ్ళీ కాల్చారు. నవాబు ఫౌజు చెదిరిపోయింది. మూడేళ్ళకి, 1749 ఆగస్టులో, ఆంబూరు జంగ్‌లో అన్వరుద్దీనే ముసలితనంలో ఏనుగు మీద కూర్చుని ముందుకు నడిపిస్తుండగా తుపాకి గుండు తగిలి షహీద్ అయ్యాడు. ఆరోజు ఎదుటి ఫౌజులో ఉన్న ఒక కుర్ర అఫ్సరు పేరు బుస్సీ. హిమ్మత్ ఎవరి దగ్గర తక్కువ? ఏనుగు ఎక్కినవాడి దగ్గర కాదు.

1753లో హైదరాబాదు సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి ఫౌజు జీతాల కింద కోస్తాలోని నాలుగు సర్కార్లు బుస్సీకి రాసిచ్చేశాడు. చికాకోల్ అందులో ఒకటి. ఇక్కడి ఫౌజ్‌దారు జాఫర్ అలీ ఖాన్ ఖాళీ చేయనని మొరాయించాడు. విజయనగరం విజయరామరాజు మొదట ఆయనతో కలిసి, తరవాత ఫ్రెంచి వాళ్ళ వైపు తిరిగాడు. జాఫర్ అలీ నాగపూరు వెళ్ళి మరాఠాల్ని పిలుచుకొచ్చాడు. వాళ్ళు వచ్చి ఊళ్ళు దోచి వెళ్ళారు. నాకు జాఫర్ అలీ మీద జాలి ఉంది, కోపం కూడా ఉంది. ఫిరంగీలకి తల వంచనన్న మొదటి ఇక్కడి హాకిం ఆయన. కానీ దానికి కట్టిన మూల్యం రైతు గాదెలోంచి పోయింది.

ఇక 1757 జనవరి 24. విజయరామరాజుకి బొబ్బిలితో పాత పగ. బుస్సీకి జమీందార్లంతా తన హుకుం కింద ఉండాలన్న పంతం. ఇద్దరూ కలిసి బొబ్బిలి మట్టికోట చుట్టూ దిగారు. లోపల రాజా రంగారావు, ఆయన వెలమ బంధుగణం, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. బావమరిది తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉండిపోయాడు. తెల్లవారుతూనే నాలుగు చిన్న ఫిరంగులు బురుజుల మీద మొదలెట్టాయి. గోడ పైభాగం కూలగానే నిచ్చెనలతో ఎక్కారు. ఎక్కినవాళ్ళని ఎక్కినట్టే కింద పడేశారు. గంటసేపు ఒక్కడూ గోడ దాటలేదు. ఆగారు, మళ్ళీ ఫిరంగులు కాల్చారు, మళ్ళీ ఎక్కారు. ఇదంతా మనకి చెప్పింది బొబ్బిలి వాళ్ళ మనిషి కాదు, రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు రాతగాడు. ఆయన కూడా గోడమీద నిలబడి ఉత్త చేతులతో నిచ్చెన ఎక్కేవాళ్ళని పట్టుకోబోయిన మనుషుల్ని చూసి నివ్వెరపోయినట్టే రాశాడు.

చేతులు ఎందుకు? తుపాకి నింపుకునే వ్యవధి లేదు కాబట్టి. వత్తి తుపాకి కోట గోడ చాటున ఒక్క దెబ్బకి బాగా పనికొస్తుంది. దూరాన ఉన్నవాడిని నిదానంగా గురి చూసి పడగొట్టవచ్చు. శత్రువు పది అడుగుల్లోకి వచ్చి, ఒకడి వెనక ఒకడు ఎక్కుతున్నప్పుడు కొమ్ము వంచి మందు పోసుకునే తీరిక ఉండదు. కింద ఉన్నవాడు మాత్రం ఇరవై సెకన్లకో ముప్పై సెకన్లకో ఒక తూటా కొరుకుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి రంగారావుకి అర్థమైంది. తనవాళ్ళని పిలిచి, కోట నిలవదని చెప్పి, ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా వాళ్ళ ప్రాణాలు వాళ్ళ మనుషులే తీయాలన్నాడు. అలాగే చేశారు. ఆ మాట రాయడానికి చేయి రాదు, పాట కట్టినవాళ్ళకి గొంతు ఎలా వచ్చిందో. రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయాడు. లోపలికి వెళ్ళిన వాళ్ళకి ప్రాణాలతో దొరికిన వాళ్ళలో రాజు చిన్న కొడుకు ఒకడు. ఆ పసివాడి వల్లే బొబ్బిలి వంశం నిలిచింది.

మూడో రాత్రి పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజుని చంపాడు. పిస్తోలుతో కాదు, కత్తితో. ఒంటిమీద 32 పోట్లు అని ఆర్మ్ లెక్క. దీన్ని పగ అనే అంటారు అందరూ. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. ఆ కాలపు పిస్తోలు ఒక్క దెబ్బది, గుర్రపు రౌతు జీనుకి జతగా కట్టుకునేవాడు, ఎందుకంటే ఒకటి కాల్చాక నింపే వీలుండదు. రాత్రి మంచు తగిలి పళ్ళెంలోని మందు చెమ్మగిల్లితే ఆ ఒక్కటీ పేలదు. చీకట్లో, డేరాలో, రెండో అవకాశం లేని పనికి తమంచాని ఎవడు నమ్ముకుంటాడు? ఆయుధం ఎంచుకోవడం అంటే ఇదే. ఏది గొప్పదని కాదు, ఏది ఆ నిమిషంలో పని చేస్తుందని. పాపారాయుడు, వెంట వచ్చినవాళ్ళు కావలివాళ్ళ చేతుల్లో అక్కడే పోయారు.

మరి నిచ్చెనలెక్కి చచ్చిన ఫ్రెంచి సిపాయిల సంగతి? వాళ్ళు పాండిచ్చేరి, మచిలీపట్నం వైపు భర్తీ అయిన దేశం మనుషులు. అలాంటి పలటాలలో ముసల్మాన్లు చాలామంది. జీతం కోసం తూటా కొరికారు. కథలో హైదరుజంగు ఉన్నాడు, ఆ సిపాయి లేడు. అటు పాటలోనూ, ఇటు దొరల పుస్తకాల్లోనూ పేరు లేకుండా పోయిన మనవాడు అతనే. మన ఇళ్ళలో షేక్‌లు, ఖాన్‌లు, బేగ్‌లు ఏ పలటంతో ఇక్కడికి వచ్చి దిగారో తవ్వితే, చాలా ఖాందాన్ల శజరా అక్కడికే తేలుతుందని నా అనుమానం.

మరుసటి ఏడే పాఠం మళ్ళీ నడిచింది. 1758 డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి దగ్గర ఇంగ్లీషు వాడు ఫ్రెంచి వాడిని ఓడించాడు. ఇంగ్లీషు వాడి పక్కన చచ్చిన విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఉన్నాడు. ఐదు వేల కాలిబలం తెచ్చాడు, కొందరి దగ్గర మొరటు తుపాకులు, మిగతావాళ్ళకి ఈటెలు, విల్లంబులు. బొబ్బిలి కూలడం కళ్ళారా చూసిన విజయనగరం కూడా దాదాపు రెండేళ్ళ తరవాత అదే అందాజు ఫౌజుతో వచ్చిందన్నమాట. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు కంపెనీ ఫౌజుకి ఎదురు నిలిచినప్పుడు గంట తిరక్కుండానే అంతా అయిపోయింది. రాజు పడిపోయాడు, ఆయన చుట్టూ పరువుగల మనుషులు వందల్లో పడిపోయారు. ఆ తరవాత బర్కందాజు అన్న మాట కచేరీల ముందు కర్ర పట్టుకుని నిలబడే బంట్రోతుకి మిగిలింది. మెరుపు పోయింది, బిల్ల ఉంది.

ఇదంతా భాంజాకి చెప్పాను, రెండు రాత్రులు పట్టింది. వాడు చూసే పోటీల్ని ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. 1976లో అమెరికాలో కొలంబియా అనే ఊళ్ళో దాని అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. దాని నినాదం మూడు లాటిన్ మాటలు. మన మాటల్లో చెప్పాలంటే నిషానా, తాఖత్, రఫ్తార్. గురి, బలం, వేగం మూడూ కలిస్తేనే మార్కులు. అడయారులో ఫ్రెంచి వాడి దగ్గరున్నవీ ఈ మూడే.

బలం కొలిచే పద్ధతి విని వాడి కళ్ళు మెరిశాయి. గుండు బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తారు. కనీసం 125 రావాలి. 124 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 8 గ్రాములు, 1010 అడుగుల వేగంతో వెళితే 125.24. గట్టెక్కినట్టే. 1000 అడుగులే వెళితే 124, ఆ రోజు పోటీలో అతని మార్కులు సున్నా. మరీ ఎక్కువైతే పిస్తోలు చేతిలో ఎగిరి రెండో దెబ్బ ఆలస్యం అవుతుంది. అందుకే అక్కడి పోటీదారులు వాడేసిన ఇత్తడి గొట్టాలని ఏరి, శుభ్రం చేసి, బంగారం తూచే తక్కెడ లాంటి కాటా మీద మందు తూచి, సొంతంగా నింపుకుంటారు. తక్కువా కాకూడదు, ఎక్కువా కాకూడదు, వెయ్యి తూటాలూ ఒక్కలా ఉండాలి. పిస్తోలు ఎంచుకోవడం దీని తరవాతి మాట. చేతి పట్టుకి కుదిరిందా, గుర్రం ప్రతిసారీ ఒకే బరువుతో నొక్కుకుంటుందా, అంతే.

"మనం నింపుకోవచ్చా?" అన్నాడు. లేదు. 1878లో ఇంగ్లీషు వాడు దేశం మనుషుల చేతుల్లో ఆయుధాలకి లైసెన్సు పెట్టాడు. ఇప్పటి 1959 చట్టంలో కూడా లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం జుర్మ్. ఆ మాట మా చెల్లెలు వినేలా గట్టిగానే చెప్పాను. మందు లేని ఎయిర్ పిస్టల్‌తో క్లబ్బులో మొదలెట్టమని, హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది పిస్టల్‌తోనే అని కూడా చెప్పాను.

క్లబ్బు ఫారంలో తల్లి లేక తండ్రి సంతకం చేయాలి. కాగితం మూడు రోజులు ఖురాన్ షరీఫ్ పెట్టే అల్మరా మీద పడి ఉంది. నాలుగో రోజు ఫజర్ నమాజు అయ్యాక మా చెల్లెలు దాన్ని తీసి, పెన్ను పట్టుకుని, వాడిని నిద్ర లేపింది.

"అందులో మందు ఉండదు కదా?"

"గాలే అమ్మీ," అన్నాడు వాడు కళ్ళు నులుముకుంటూ. "ఉత్త గాలి."